ఆరు సీసాల మార్కులు

ఆ బుధవారం పేష్కారు మదన్‌మోహన్ వేసుకున్న పథకంలో పొరపాటుకు ఎక్కడా చోటు లేదు. పొద్దున ఏడింటికి ఆరు సీసాల బిరడాలు తీయాలి. తొమ్మిదింటికి గురులింగప్ప వచ్చి రుచి చూడాలి. పదింటికి మార్కుల జాబితా రాయాలి. పన్నెండింటికల్లా సీసాలు, జాబితా డాక్ బంగళా చేరాలి. ఒంటిగంటకు ఫ్రెంచి దొర తాగాలి. సాయంత్రానికి తను నాయబ్ తహసీల్దారు కావాలి. పదిహేనేళ్ళ కొలువులో ఇంత సులువైన పని ఒక్కటీ తగల్లేదని వేపపుల్ల నములుతూ అనుకున్నాడు.

ఆ పదిహేనేళ్ళ సంగతి ఊరికే గుర్తుకు రాలేదు. జహీరాబాద్ తహసీలు కచేరీలో తహసీల్దారు తర్వాత అంతటివాడు పేష్కారే. కానీ ఇద్దరి కుర్చీల మధ్య నాయబు అనే మెట్టొకటి ఉంది. దాని మీద కాలు పెట్టబోయిన ప్రతిసారీ హైదరాబాదు నుంచి ఎవరో ఒకరు దిగి కూచునేవారు. ఈసారి అతని పేరుతో సిఫార్సు కాగితం తయారై తహసీల్దారు రామ్‌కిషన్‌రావు గారి బల్ల మీద ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. సాయంత్రం టపాలో అది పోకపోతే మళ్ళీ మూడేళ్ళ దాకా ప్రమోషన్ల జాబితా కదలదు. అప్పటికి మదన్‌మోహన్ వయసు దాటిపోతుంది.

సంతకానికీ సీసాలకూ ఉన్న చుట్టరికం ఇది. కోహీర్ రోడ్డు మీద ఒక జాగీర్దారు బంగళా వారసులు లేక ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల అరవై మూడులో, సర్కారు పరమైంది. సామాన్ల పట్టీ రాస్తుంటే పగిలిన అద్దాలు, చెదలు తిన్న పులితోలు, ద్రాక్షతో చేసిన ఆరు ఫ్రెంచి ఎర్ర షరాబు సీసాలు తేలాయి. ఒక్కో సీసా మీద ఒక్కో సంవత్సరం: 1928, 34, 37, 45, 47, 49. సరిగ్గా అప్పుడే, ఇక్కడి చెరుకు చక్కెర ఫ్యాక్టరీకి పనికొస్తుందో లేదో చూడడానికి ఫ్రాన్సు నుంచి దుబ్వా అనే ఇంజనీరు వస్తున్నాడు. ఆ దొరకు సీసా కనిపిస్తే చాలు, ఏ ఏటిది, రుచి ఎట్లా ఉంది అని అడుగుతాడట. అందుకని సంగారెడ్డి నుంచి కలెక్టరు గారి తాకీదు వచ్చింది. తెలిసినవాడి చేత సంవత్సరాల వారీగా రుచి చూపించి, ఒక్కోదానికి ఇరవైకి మార్కులు వేయించి, కారణాలతో సహా జాబితా పెట్టవలసింది అని.

"తెలిసినోడు ఎవడున్నడయ్యా ఈ కచేరీల?" అని తహసీల్దారు అడిగారు. ఆయన నుదుట నామం దిద్దుకునే మనిషి. సీసాలున్న గదిలోకి ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని పోయి వచ్చారు.

"నేనున్న గద సాబ్" అన్నాడు మదన్‌మోహన్. దొర మెచ్చితే సాయంత్రమే సంతకం అన్నారు తహసీల్దారు.

పుట్టి బుద్ధెరిగిన తర్వాత అతను కల్లు కూడా ముట్టలేదు. కానీ ఎవరైనా "ఎవరున్నారు" అంటే "నేనున్నా" అనడం అతని అలవాటు. ఆ ఒక్క మాటతోనే పేష్కారు దాకా వచ్చాడు. ఇక మీదికి పోవడానికి మాట మార్చవలసిన అవసరం కనిపించలేదు.

పైగా అతని చేతిలో గురులింగప్ప ఉన్నాడు. టోకు బజారు గంజ్‌లో బెల్లం పరీక్ష చేసే మనిషి. ముద్ద అంచు గోటితో గిల్లి, నాలుక మీద వేసుకుని, ఒకసారి కళ్ళు మూసి తెరిచి ఉమ్మేసేవాడు. అంతే. ఏ ఊరి చెరుకు, ఏ నెల గానుగ, పాకం ముదిరిందా లేతగా దించారా అన్నీ చెప్పేసేవాడు. న్యాల్‌కల్ రైతు ఒకడు తన బెల్లంలో పక్క ఊరి బెల్లం కలిపి తెస్తే, "ఇది రెండూర్ల లగ్గం, పిల్లదిక్కు ఎవరో చెప్పు" అని నిలదీసిన నాలుక అది. దాని మాటకు గంజ్‌లో అప్పీలు లేదు.

ఒకటే చిక్కు. గురులింగప్ప మెడలో లింగం ఉన్న మనిషి. షరాబు దుకాణం ఉన్న వీధిలోంచి కూడా నడవడు. దానికీ మదన్‌మోహన్ దగ్గర ఉపాయం ఉంది. ముందురోజే గంజ్‌కు పోయి మాట్లాడి వచ్చాడు.

"ఫ్రాన్సు నుంచి ద్రాక్షాసవం వచ్చింది అప్పా. ఆరు తీర్లది. మీ నాల్క జర కావాలె."

"మందే గద?"

"మందు గాక మరేంది?"

ఆ రోజుల్లో ద్రాక్షాసవం లేని అల్మారా జహీరాబాదులో లేదు. బాలింతకు రెండు చెంచాలు, ముసలివాళ్ళకు రెండు చెంచాలు. అదీ ద్రాక్ష పులిసిందే కదా అని ఎవరూ అడగరు. ఎంత నిష్ఠగలవాడైనా మందు అంటే నోరు తెరుస్తాడు.

బుధవారం ఏడింటికి పని మొదలైంది. వడ్రంగి దగ్గర తెచ్చిన బర్మాతో బిరడాలు తొలిస్తే సగం పొడిపొడిగా బయటికి, సగం లోపలికి పోయాయి. చప్పుడుకు భార్య దేవమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"గివేం సీసలు?"

"ద్రాక్షాసవం. ఫ్రాన్సుది. గురులింగప్ప వచ్చి రుచి చూస్తడు, మధ్యాహ్నం దొర తాగుతడు. పదిలం."

ఇంట్లో ఒకటి, బయట ఒకటి చెబితే అబద్ధం ఎక్కువ కాలం నిలవదని మదన్‌మోహన్ నమ్మకం. అందుకే ఎక్కడైనా ఒకే అబద్ధం చెప్పేవాడు. ఆ ధీమాతోనే గడ్డం గీయించుకోవడానికి మంగలి దుకాణానికి పోయాడు.

దేవమ్మ సీసాలు చూసింది. పైన బూజు. లోపల బిరడా ముక్కలు. అడుగున నల్లటి మడ్డి. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. చింతపులుసుకు తాత లాంటి పులుపు. ద్రాక్షాసవం తియ్యగా ఉంటుందని ఆమెకు తెలుసు. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు తాగింది. ఇది పాడైపోయిందని పాపం ఈయనకు తెలియదు, దొర ముందు పెట్టి పరువు పోగొట్టుకుంటాడు అనుకుంది. మొగుడి పరువు ఆమెకు నిజంగా పట్టింపే. కొంగు బిగించింది.

ఆరు సీసాలూ పెద్ద గిన్నెలో కుమ్మరించి పాత ధోవతితో వడగట్టింది. పులుపు విరగడానికి బెల్లం కొట్టి వేసింది. పాడైన రసానికి మరిగించడమే మందు కనుక పొయ్యి మీద పెట్టి కుతకుతలాడించింది. మూడోవంతు ఇగిరిపోయింది. కొలత తగ్గితే ఆయన తిడతాడని కాగిన నీళ్ళతో సరిచేసింది. సీసాలను బూడిద, చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమింది. ఆ తోముడుకు చీటీలన్నీ ఊడి తొట్టిలో తేలాయి. కాగితం సర్కారుదేమో అన్న భయంతో వాటిని జాగ్రత్తగా ఏరి, గోడ మీద అప్పడాల్లాగా ఎండబెట్టింది.

మదన్‌మోహన్ నున్నటి గడ్డంతో తిరిగి వచ్చేసరికి ఖాళీ సీసాలు ఆరు ఎండలో బోర్లా నిలబడి ఉన్నాయి.

"దేవీ! అండ్లది ఏమైందే?"

"ఏం గాలే. మడ్డి తీసి వడగట్టిన. ఇగో, గిన్నెల ఉన్నది."

"ఒక్క గిన్నెలనా? అన్ని కలిపేసినవా?"

"కలిపితె ఏమాయె? పోయినేటి చింతపండు, ఈయేటి చింతపండు కలుపుకుంటలేమా? పాతదాని బలం కొత్తదానికి పడ్తది."

మొగుడి ముఖం పాలిపోయేసరికి బెల్లం సంగతి, పొయ్యి సంగతి దేవమ్మ గొంతులోనే ఆగిపోయాయి. మదన్‌మోహన్ తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. నిజంగానే భయం వేసింది. పదిహేనేళ్ళు ఎదురు చూసిన సంతకం ఒక పాత ధోవతిలోంచి కారిపోయినట్టు అనిపించింది. ఒక చెంబు నీళ్ళు తాగాడు. చెంబు ఖాళీ అయ్యేలోపల ధైర్యం యథాస్థానానికి వచ్చింది. రంగు ఎర్రగానే ఉంది. సీసాలు ఆరే. చీటీలు ఆరే. సర్కారుకు ఇంతకంటే ఏం కావాలి?

ఇద్దరూ కలిసి గరాటతో నింపారు. అన్నం మెతుకులు మెత్తగా నూరి చీటీలు అతికించారు. ఏ చీటీ ఏ సీసాకు అన్న ప్రశ్న ఇప్పుడు లేదు. బిరడాలకు మక్కజొన్న బెండ్లు చెక్కి బిగించారు. చీటీ అతికిస్తుంటే అన్నిటి మీదా ఒకే మాట ఉండడం మదన్‌మోహన్ గమనించాడు. అతనికి ఇంగ్లీషు అక్షరాలు బాగానే వచ్చు. కూడబలుక్కుని చదివాడు: "మిస్ ఎన్ బౌటెల్లి." ఎవరో పెండ్లికాని దొరసాని. ఆరింటినీ ఆమే చేసిందన్నమాట. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే పని, పాపం. ఆ పేరు గుర్తు పెట్టుకున్నాడు.

తొమ్మిదింటికి గురులింగప్ప స్నానం, పూజ ముగించుకుని నుదుటి నిండా విభూతితో వచ్చాడు. మొదటి సీసాలోంచి చెంచాడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసి తెరిచి, పెరట్లో ఉమ్మాడు. రెండోది, మూడోది అట్లాగే. నాలుగోదానికి కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆరోది ఉమ్మేసి కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"ఇరవైకి పద్నాలుగు" అన్నాడు.

"ఏ సీసకు?"

"ఆరింటికి. ఆరు ఒక్కటే పేష్కార్ సాబ్. ఒక్క పొయ్యి మీద దిగినయే."

"అట్లెట్ల? ఇరవై ఏండ్ల తేడా ఉన్నది!"

"తేడా చీటీల మీద ఉంటది, నాల్క మీద లేదు. ఇండ్ల పడ్డది ఝరాసంగం బెల్లం. ఈ మాఘందే. మరగబెట్టెటప్పుడు జర అడుగంటింది, గదే నా బాధ. లేకుంటె పదహారు ఇచ్చెటోన్ని." కండువా దులిపి భుజాన వేసుకుని, "ఫ్రాన్సోల్లు ఝరాసంగం దాక ఎప్పుడొచ్చి కొనుక్కపోయిన్రో నాకు తెల్వనే లేదు" అన్నాడు.

తలుపు వెనకనుంచి దేవమ్మ గొంతు సన్నగా వచ్చింది. "మస్తు పుల్లగుంటే నేనే జర బెల్లమేసి మరగబెట్టిన. మూడోవంతు ఇగిరేదాక."

గురులింగప్ప తృప్తిగా తలాడించాడు. తన నాలుక గెలిచింది, అంతకు మించి అతనికి అక్కర లేదు. తాంబూలం వేసుకుని వెళ్ళిపోయాడు.

మదన్‌మోహన్ ఏకాంతంగా జాబితా ముందు కూచున్నాడు. ఆరింటికీ పద్నాలుగు రాస్తే, రుచి చూడకుండా రాశాడంటారు. కచేరీలో అన్ని గళ్ళలో ఒకే అంకె ఉన్న పట్టీని ఎవరూ నమ్మరు. తేడాలుంటేనే పరిశీలన జరిగినట్టు. కలం ముంచి, చక్కటి ఇంగ్లీషులో నింపడం మొదలుపెట్టాడు. రాస్తుంటే ఉత్సాహం పెరిగింది. 1928కి పంతొమ్మిది: ప్రాచీనం, గంభీరం. 1934కి పదిహేడు: గంభీరమే గానీ అంత కాదు. 1937కి పదిహేను: కొంచెం నలతగా ఉన్నది. 1945కి పద్దెనిమిది: యుద్ధం ముగిసిన సంతోషం రుచిలో తెలుస్తున్నది. 1947కి పదహారు: స్వతంత్ర భావాలు గలది. 1949కి పన్నెండు: జాగీర్లు రద్దయిన ఏడు, కాస్త చేదు. కింద ఒక గమనిక కూడా పెట్టాడు. ఆరూ మిస్ ఎన్ బౌటెల్లి గారి చేతివే, ఆమె చేతి గుణం మెచ్చదగినది.

ఒంటిగంటకు డాక్ బంగళాలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఆరు సీసాలు వరసగా నిలిచాయి. మక్క బెండ్లను చూసి దొర ఏదో అడిగితే, "ఇక్కడి పద్ధతి" అని తహసీల్దారు ఇంగ్లీషులో సర్ది చెప్పారు. అంతా బాగానే ఉందనుకుంటూ మదన్‌మోహన్ బయటికి చూశాడు. వరండాలో బెల్లం ముద్దల బుట్ట ముందు పెట్టుకుని గురులింగప్ప కూచున్నాడు. దొరకు ఇక్కడి బెల్లం చూపించడానికి తహసీల్దారే పిలిపించారట. ఎందుకు పిలిపించరు, బెల్లానికి ఆ తాలూకాలో అతన్ని మించినవాడు లేడు.

దొర సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో ఉన్నాడు. 1928 గ్లాసులో పోసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో ఉంచుకుని, కళ్ళు మూసి తెరిచి, పక్కనున్న పళ్ళెంలో ఉమ్మేశాడు. వరండాలోంచి చూస్తున్న గురులింగప్పకు ఆ మనిషి మీద వెంటనే గౌరవం కలిగింది. దొర రెండోది చూశాడు. మూడోది. ఆరూ అయ్యాక చెయ్యి చాచి జాబితా అడిగాడు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. తహసీల్దారు పక్కన నిలబడి అతని ఇంగ్లీషును తెలుగు చేస్తున్నారు.

"ఈ మిస్ ఎవరని అడుగుతున్నడయ్యా."

"సీసల మీదనే ఉన్నది సాబ్. చేసిన దొరసాని."

దొర విని, గొంతు సవరించుకుని, నెమ్మదిగా చెప్పాడు. తహసీల్దారు ముఖం ఎర్రబడింది. "అది దొరసాని కాదట. సీసలో నింపబడినది అని దానర్థమట."

మదన్‌మోహన్ తలూపాడు. అర్థం తెలిసి కూడా చమత్కారానికి రాసినట్టు నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగింది. దొర జాబితా మీద వేలు పెట్టి మళ్ళీ మాట్లాడుతున్నాడు.

"దీనికి పంతొమ్మిది, దానికి పన్నెండు రాసిన్రు, నాకు మాత్రం ఆరు ఒక్కటే లెక్క అనిపిస్తున్నది, నా నాల్క చెడిందా అని అడుగుతున్నడు" అన్నారు తహసీల్దారు.

వరండాలోంచి గురులింగప్ప లేచి నిలబడ్డాడు. తన నాలుకతో సమానమైన నాలుకను అవమానం పాలు కానివ్వడం అతని వల్ల కాలేదు.

"చెడలే సాబ్! పొద్దున నేను గూడ అదే చెప్పిన. ఆరు ఒక్కటే. ఝరాసంగం బెల్లం, జర అడుగంటింది. పద్నాలుగు!"

తహసీల్దారు తడబడుతూ అది ఇంగ్లీషు చేశారు. దొర కుర్చీ వెనక్కి జరిగింది. గబగబా వరండాలోకి పోయి గురులింగప్ప చెయ్యి పట్టుకుని ఊపాడు. మాడిన చక్కెర వాసన అతనికి మొదటి గుక్కలోనే తగిలింది. ఫ్రెంచి షరాబులో అది ఎట్లా వచ్చిందో తేలక అంతసేపూ లోపల కొట్టుకుంటున్నాడట. చక్కెర పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు, ఇంత ఖచ్చితమైన నాలుక తగల్లేదట. తహసీల్దారు ఆ ఉత్సాహంలో మాటకు మాట తెలుగు చేసుకుంటూ పోయారు. షరాబు అన్న మాటను కూడా వదల్లేదు.

"షరాబా?" అన్నాడు గురులింగప్ప.

అతని చెయ్యి మెల్లగా మెడలో లింగం మీదికి పోయింది. గురులింగప్పకు కోపం రాలేదు, అదే చూడలేకపోయాడు మదన్‌మోహన్. నలభై ఏళ్ళుగా ఎవరినీ మోసం చేయనివ్వని నాలుకను తను మోసం చేశాడు. పదిహేనేళ్ళలో మొదటిసారి "నేనున్నా" అనాలనిపించలేదు. సిగ్గుతో తల దించుకున్నాడు.

"తప్పయింది అప్పా. మందు కాదది. నౌకరి కోసం అబద్ధం చెప్పిన. మా ఇంటామెకు గూడ అదే చెప్పిన. ఆమె పాడైందనుకోని అన్ని కలిపి, బెల్లమేసి మరగబెట్టింది. మార్కులు నేను కల్పించినయి."

ఏం జరుగుతున్నదని దొర అడిగాడు. తహసీల్దారు పొడిపొడిగా చెప్పారు. దొర అంతా విని ఒకే ప్రశ్న వేశాడు: ఎంతసేపు మరిగింది? మూడోవంతు ఇగిరిందని మదన్‌మోహన్ చెప్పాడు. దొర చేతులు రెండూ పైకెత్తి ఆకాశం వైపు ఊదాడు. రసం మరిగించడంలో అతన్ని మించినవాడు అక్కడ లేడు.

"మత్తంతా పొగల పోయిందట" అన్నారు తహసీల్దారు. "మిగిలింది ద్రాక్షరసం, బెల్లం, నీళ్ళు. పసిపోరలకు పోసినా ఏం గాదంటున్నడు. నీ నిష్ఠకు ఫికర్ లేదు గురులింగప్పా."

గురులింగప్ప చెయ్యి లింగం మీదినుంచి తీశాడు.

"మరగబెట్టింది దేవమ్మనే గద?"

"ఆమెనే" అన్నాడు మదన్‌మోహన్.

"ఆమెకు నా దండం చెప్పున్రి. మీకు మాత్రం చెప్ప."

ఆ తర్వాత దొర, గురులింగప్ప బెల్లం బుట్టకు చెరోపక్క కూచుని, ఒకరి భాష ఒకరికి రాకుండానే గంటసేపు గిల్లుకుంటూ, ఉమ్ముకుంటూ, తలలాడించుకుంటూ గడిపారు. మర్నాటి నుంచి చెరుకు తోటలు చూడడానికి గురులింగప్పను వెంట తీసుకుపోతానని దొర చెప్పాడు. తహసీల్దారు జాబితా మడిచి జేబులో పెట్టుకుని కచేరీకి పోయారు.

నాలుగింటికి కబురు వచ్చింది. మదన్‌మోహన్ పోయి బల్ల ముందు నిలబడ్డాడు. ఒకపక్క సిఫార్సు కాగితం, ఒకపక్క తన జాబితా. చింపితే ఏది ముందు చింపుతారో అని చూస్తున్నాడు.

"ఒక్క గిన్నెల నీళ్ళు" అన్నారు రామ్‌కిషన్‌రావు గారు.

"అవును సాబ్."

"వాటికి ఆరు తీర్ల మార్కులు, ఆరు తీర్ల కారణాలు. అబద్ధమని ఎరికైనంక గూడ మల్ల చదివిన. జాగీర్లు రద్దయిన చేదు అన్న కాడ నాకు నిజంగనే చేదనిపించింది." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అన్నిటికి పద్నాలుగు రాసి పంపితె పైనుంచి పది ప్రశ్నలొస్తుండె. దీన్ని కలెక్టర్ సాబ్‌కు ఫోన్ల చదివి ఇనిపించిన. ఒక్క ప్రశ్న రాలే. ఎవడయ్యా ఇంత బారీకుగ రాసింది అన్నడు."

"మీరేమన్నరు సాబ్?"

"నీ పేరు చెప్పిన." సిఫార్సు కాగితం ముందుకు లాక్కుని, కలం సిరాలో ముంచి సంతకం చేశారు. "గురులింగప్ప అసొంటోడు గంజ్‌ల ఉండాలె, మదన్‌మోహన్. మన కచేరీకి నువ్వే సరిపోతవు."

ఆ తర్వాత పదేళ్ళపాటు తాలూకాలో శిస్తు లెక్కకు ఏ పొలం ఏ తరగతిదో నాయబ్ తహసీల్దారు మదన్‌మోహన్ గారే నిర్ణయించారు.